మాట పక్కన రాసిన పేర్లు

కాపీ లేదు

కిందటి నెల దంతెవాడలో మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. ఎర్రబోరు దాటాక అడవిలోకి తిరిగే దారిలో ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉంది. అందులో కొత్తగా నర్సుగా చేరిందట. నాలాగే గనుల కాలనీలో పెరిగిన తెలుగు పిల్ల. తెలుగు వచ్చు, హిందీ వచ్చు. ఆ ఊళ్ళలో మాట్లాడే దోర్లీ మాత్రం ఒక్క ముక్క రాదు.

"ఆంటీ, మీ దగ్గర దోర్లీ మాటలు రాసుకున్న కాపీ పుస్తకం ఉందంట కదా. ఒక్కపూట ఇస్తే జిరాక్స్ తీయించుకుని తెచ్చిచ్చేస్తాను" అంది.

లేదన్నాను. ఆ పిల్ల నమ్మలేదు. ముప్పై ఏళ్ళు అక్కడే నర్సుగా పనిచేసి, వాళ్ళ భాషలోనే వాళ్ళతో పోట్లాడగలిగే మనిషి దగ్గర నాలుగు మాటలు రాసిన కాగితం ఉండకపోవడమేమిటి? ముసలిదానికి ఇవ్వడం ఇష్టం లేదు అనుకుని ఉంటుంది. టీ తాగి, మొహం ముడుచుకుని వెళ్ళిపోయింది.

అమ్మాయీ, కాపీ నిజంగానే లేదు. ఒకప్పుడు ఉండేది. అది ఏమైందో ఆరోజు నీ ఎదురుగా చెప్పడానికి నాకు నోరు రాలేదు. రిటైరై ఇన్నాళ్ళయినా, బజార్లో ఎవరైనా "బ్యాగు తెరవండి" అంటే నా చెయ్యి ముందు కాగితాల కోసం వెతుకుతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ప్రమోషన్లు, ట్రాన్స్‌ఫర్లు, ఎవరి ఫైలు ఎవరు తొక్కిపెట్టారు లాంటివి ఇందులో ఉండవు. అవి చెప్పడానికి ఆఫీసులో చాలామంది ఉన్నారు, అడక్కపోయినా చెబుతారు.

అన్నిటికీ హౌ

మా నాన్న బచేలీ గనుల్లో పనిచేసేవాడు. మాది శ్రీకాకుళం వైపు. కాలనీలో మాకు తెలుగు పండగలు, తెలుగు పెళ్ళిళ్ళు, తెలుగు తగాదాలు. గేటు దాటితే హిందీ. ఇంకా ముందుకు పోతే ఏం మాట్లాడతారో నాకు ఉద్యోగం వచ్చేదాకా తెలియదు. తెలుసుకోవాలని అనిపించలేదు కూడా. సిగ్గుపడాల్సిన మాటే, కానీ నిజం.

చేరిన మొదటి నెలలోనే ఒక తల్లి జ్వరంతో ఉన్న రెండేళ్ళ పిల్లను ఎత్తుకొచ్చింది. నేను హిందీలో గడగడా అడిగాను. తింటోందా? "హౌ" అంది. హౌ అంటే అక్కడి హిందీలో ఔను. వాంతులా? హౌ. నిన్నటి నుంచా? హౌ. వారం నుంచా? హౌ. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయా? హౌ. అన్నిటికీ ఔనంటే ఏమీ చెప్పనట్టే కదా. ఆమెకు హిందీ రాదు. ఉద్యోగం బట్టలు వేసుకున్న మనిషి అడిగితే కాదనకూడదని మాత్రం తెలుసు. నేను విసుక్కుని, జ్వరం బిళ్ళలు పొట్లం కట్టి పంపించేశాను.

నాలుగో రోజు ఆ పిల్ల చనిపోయింది.

ఆ సంగతి చెప్పడానికి నా దగ్గరకు వచ్చిన మనిషి పేరు ఉంగి. నాకన్నా పదేళ్ళు పెద్దది. ఆ ఊళ్ళో కాన్పులు చేసేది. ఏటా మిర్చి కోతకు సరిహద్దు దాటి భద్రాచలం అవతలికి వెళ్ళొచ్చేది కాబట్టి తెలుగు వచ్చు. వచ్చి గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండానే చెప్పింది.

"ఆ పిల్లకు కాళ్ళు చేతులు కొట్టుకున్నయ్. వాళ్ళమ్మ నీకు చెప్పింది గదా."

"అన్నిటికీ హౌ అంది అక్కా. ఏది నిజమో నాకెలా తెలుస్తుంది?"

"భయపడి అన్నది. నువ్వు హిందీల అడిగినవ్. మా మాట నేర్చుకోవా?"

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్ర పట్టేదేమో. ఆ హౌలలో ఒక్కటే నిజం, ఆ ఒక్కటీ నేను వినలేదు. నేను దోర్లీ నేర్చుకోవడం మొదలుపెట్టింది భాష మీద ప్రేమతో కాదు, ఆ భయంతో. ఇంకో తల్లి వచ్చి ఇంకోసారి హౌ అంటుందేమోనన్న భయం.

ఉంగక్క దగ్గర

నీళ్ళంటే ఏరు, ఇల్లంటే లోను, ఊరంటే నారు, ఏమిటి అనడానికి బాత. మొదటి రోజు ఈ నాలుగూ నేర్పింది. వినడానికి మన మాటలకు దూరపు చుట్టాల్లా ఉంటాయి. ఆ ధీమాతో ముందుకు పోతే నాలుగో మాటకే దారి తప్పుతాం.

ఉంగక్క కూర్చోబెట్టి నేర్పేది కాదు. నేను పుస్తకం పట్టుకుని కూర్చుంటే నవ్వేది. "కూసుంటే వస్తదా మాట? బిందె పట్టు" అనేది. నీళ్ళు మోస్తుంటే నీళ్ళ మాటలు, ఇప్పపువ్వు ఏరుతుంటే ఇప్పపువ్వు మాటలు, కాన్పు జరుగుతుంటే కాన్పు మాటలు. ఊపిరి బిగపట్టు, వదులు, ఇంకొంచెం, అయిపోయింది. ఆ మాటలు నాకు ఈరోజుకీ నోట్లోంచి కాక చేతుల్లోంచి వస్తాయి.

నేను తప్పు మాట్లాడితే ఊరు ఊరంతా నవ్వేది. ఒకసారి ఉక్రోషం వచ్చి, ఇంక నేర్చుకోనన్నాను.

"నవ్వనీ" అంది ఉంగక్క. "నిన్ను చూసి నవ్వినోళ్ళు నీకు భయపడరు. ఇదివరకు భయపడేటోళ్ళు."

పేరు లేని స్లైడు

ఇక్కడ మా సూపర్‌వైజరు గురించి చెప్పాలి. జగదల్‌పూర్‌లో స్థిరపడిన తెలుగాయన. తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగించేవాడు. కోపం ఎక్కువ, పని అంతకంటే ఎక్కువ. నాకు దొరికిన అధికారుల్లో ఆయన మంచివాడు, అందుకే ఆయన నేర్పిన పద్ధతి నన్ను ఇప్పుడు చెప్పబోయే తప్పు దాకా తీసుకెళ్ళింది.

మా వైపు వానలు పడితే మలేరియా. జ్వరం ఉన్న ప్రతి మనిషి వేలి నుంచీ రక్తపు చుక్క తీసి గాజు స్లైడు మీద పూయాలి. స్లైడు మీద పెన్సిలుతో నంబరు వేయాలి. ఆ నంబరుకు జతగా చీటీ మీద పేరు, వయసు, ఊరు రాయాలి. అది మా బ్లాకు కేంద్రం కోంటాలో ఉన్న ల్యాబుకు పోతుంది. నేను కొత్తలో ఒకసారి మూడు స్లైడులకు చీటీలు రాయడం మరిచిపోతే ఆయన వాటిని నా ఎదురుగానే చెత్తబుట్టలో పడేశాడు.

"పేరు లేని స్లైడు కచరా, అమ్మా. రోగం బయటపడుతుంది, మనిషి దొరకడు. మందు ఎవరికిస్తావు? నామ్ లిఖో. ముందు నామ్ లిఖో."

ఆయన అన్నది అక్షరాలా నిజం. ఏడాది తిరిగేసరికి పేరు రాయడం నా చేతికి అలవాటైపోయింది. ఎంతగా అంటే, దోర్లీ మాటలకు కాపీ మొదలుపెట్టినప్పుడు దాన్ని కూడా స్లైడు రిజిస్టరులాగే గీశాను. మాట, అర్థం, చెప్పినవారు, ఊరు. నాలుగు గళ్ళు. మాటలో అనుమానం వస్తే ఎవర్ని అడగాలో తెలుస్తుందని నా ఆలోచన. సూపర్‌వైజరు గారు చూసి, ఇలా ఉండాలి పని అంటే, అని మెచ్చుకున్నాడు కూడా. నేను పొంగిపోయాను.

తెలుగు లిపిలో రాశాను. ఈ అడవిలో తెలుగు చదివేవాళ్ళు ఎవరుంటారులే అనుకున్నాను.

మొదట ఇంటి మాటలు, తర్వాత ఒంటి మాటలు, చివర పని మాటలు. పని మాటలంటే మలేరియా సర్వేలో మేము అడిగే ప్రశ్నలు. ఇంట్లో ఎంతమంది పడుకుంటారు? బయటి నుంచి ఎవరొచ్చారు? ఏ దారిన వచ్చారు? ఎన్నాళ్ళుంటారు? అడవిలో ఎవరు పడుకున్నారు? ఒక్కో ప్రశ్న దోర్లీలో ఎలా అడగాలో రాసుకుని, పక్కన చెప్పిన మనిషి పేరు రాశాను. మొత్తం పదకొండు మంది పేర్లు. నా కళ్ళతో చూస్తే అది దోమతెరల పని. వేరే కళ్ళతో చూస్తే ఏమవుతుందో నాకు తట్టనే లేదు.

ఆ రోజుల్లో అక్కడ రెండు వైపులా తుపాకులుండేవి. రోడ్డు మీద పోలీసులు బ్యాగు చూసేవాళ్ళు, అడవిలో ఇంకో వైపువాళ్ళు చూసేవాళ్ళు. అడవిలో ఉన్నవాళ్ళని ఊళ్ళలో "లోపలోళ్ళు" అనేవారు. అంతకు మించి పేరు పెట్టేవారు కాదు. ఎవరు ఎవరికి ఏం చెప్పారన్నది తప్ప అక్కడ వేరే నేరం లేదు. ఇంత తెలిసీ నేను పదకొండు మంది పేర్లు బ్యాగులో వేసుకుని నాలుగేళ్ళు తిరిగాను.

ఎడమ దారి

ఒకరోజు పొద్దున్న పది గంటలప్పుడు టీకాలు వేసి కాలిబాటన వస్తున్నాను. భుజానికి టీకాల డబ్బా, చేతిలో బ్యాగు. టేకు చెట్ల మధ్య లోపలోళ్ళు ముగ్గురు నిలబడి ఉన్నారు. ఆగమన్నారు. అంతకు ముందు కూడా ఆపారు కాబట్టి నేను పెద్దగా కంగారు పడలేదు. ఒకడు డబ్బా మూత తీసి చూసి, ఐసు కరగకుండా మళ్ళీ గట్టిగా మూశాడు. ఇంకొకడు బ్యాగులో చెయ్యి పెట్టి కాపీ బయటికి తీశాడు.

"ఇదేంది?"

"మాటలండీ. దోర్లీ నేర్చుకోవడానికి రాసుకున్నాను."

"తెలుగుల రాసినవ్" అన్నాడు.

అతను తెలుగు చదవగలడు. మొదటి పేజీలు గబగబా తిప్పాడు. చివరి పేజీల దగ్గర ఆగాడు. ఒక్కో గడి మీద వేలు పెట్టి పైకి చదివాడు. తప్పుల్లేకుండా, బడిలో చదివినట్టు నిదానంగా చదివాడు.

"ఎంతమంది ఉన్నారు. చెప్పినవారు ఉంగి. బయటి నుంచి ఎవరొచ్చారు. చెప్పినవారు ఉంగి. ఏ దారిన వచ్చారు. చెప్పినవారు మాసా."

నేను రాసిన మాటలే. నా చేతిరాతే. అతని నోట వింటుంటే అవి వేరే మనిషి రాసినట్టున్నాయి.

"ఇయ్యన్నీ నీకెందుకు?"

"మలేరియా సార్. దోమతెరలు ఇవ్వడానికి. జ్వరం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి కదా సార్."

అతను నా మొహం చూశాడు, పేజీ చూశాడు, మళ్ళీ నా మొహం చూశాడు. కాపీని తన సంచిలో పెట్టుకున్నాడు.

"నువ్వు పో."

"ఆ కాపీ..."

"పో అన్న గదా."

వెనక్కి తిరిగి చూడకుండా నడిచాను. కొంత దూరం పోయాక బాట రెండుగా చీలుతుంది. కుడికి పోతే అరగంటలో ఉంగక్క ఊరు. ఎడమకు పోతే రోడ్డు, జీపు, కోంటా. నేను అక్కడ ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ఎడమకు తిరిగాను.

కాపీలో పేర్లు రాయడం ఆలోచించక చేసిన తప్పు. ఎడమకు తిరగడం తెలిసి చేసింది. అరగంట నడిచి వెళ్ళి, అక్కా, నీ పేరు వాళ్ళ చేతిలో పడింది అని చెప్పి ఉంటే ఆమె ఏదో ఒకటి ఆలోచించుకునేది. నాకు నా ప్రాణం తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.

అయిదు రోజులు

కోంటాలో సూపర్‌వైజరు గారికి చెప్పాను. ఆయన లేచి గది తలుపు వేశాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"చెప్పకు. కాపీ పోయిందని కాగితం పెట్టావంటే ఇటు పోలీసులు పిలుస్తారు. అందులో ఎవరెవరి పేర్లున్నాయి, మళ్ళీ రాసివ్వు అంటారు. రాసిచ్చావనుకో, ఇప్పుడు ఒక్కచోట ఉన్న లిస్టు రెండుచోట్ల ఉంటుంది." బల్ల మీదున్న స్లైడుల పెట్టెను పక్కకు జరిపాడు. "నామ్ లిఖో, నామ్ లిఖో అని నేనే కదా నీకు అలవాటు చేశాను."

ఆ అయిదు రోజులూ నేను కోంటాలోనే ఉన్నాను. జ్వరమని చెప్పి పడుకున్నాను. బయట మోటారు సైకిలు ఆగితే లేచి కూర్చునేదాన్ని. పదకొండు పేర్లూ వేళ్ళ మీద లెక్కపెట్టుకునేదాన్ని. పది వచ్చేవి, ఒకటి తప్పిపోయేది. ఆ తప్పిపోయిన మనిషికే ఏదో అయిందనిపించి మళ్ళీ మొదటి వేలి నుంచి మొదలుపెట్టేదాన్ని. కాగితం మీద రాసి చూసుకుందామంటే పెన్ను ముట్టుకోవడానికి భయం.

పగలు జీపుల దగ్గరకు వెళ్ళి నిలబడేదాన్ని. అటు నుంచి వచ్చినవాళ్ళు ఏమైనా అంటారేమోనని చెవులు రిక్కించేదాన్ని. చింతపండు ధర గురించి మాట్లాడేవారు, వానల గురించి మాట్లాడేవారు. అసలు సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. అక్కడ జరిగిన సంగతులు అలా నోటికి రావని నాకు తెలుసు కాబట్టి, వాళ్ళు మాట్లాడకపోవడం చూస్తే ఇంకా భయం వేసేది.

ఆరో రోజు ఆ ఊరికి టీకాల వంతు. సెలవు పెట్టుకొమ్మన్నాడు సూపర్‌వైజరు గారు. వెళ్ళాను. ఇది ధైర్యమని ఎవరూ అనుకోవద్దు. కోంటాలో కూర్చుని చెవులు రిక్కించి వినడం ఇంక నా వల్ల కాలేదు.

తెలివి తక్కువది

ఉంగక్క వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. బతికే ఉంది. ఆమె ఎదురుగా కింద కూర్చున్నాను. ఆమె తల ఎత్తలేదు. గింజలు తీస్తూనే చెప్పింది.

కాపీ పోయిన రెండో రోజు పదకొండు మందినీ ఊరవతల తోపులోకి పిలిచారు. తెలుగు చదివిన అతను కాపీ పట్టుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కరినీ లేపి, సిస్టరుకు నువ్వు ఏం చెప్పినవ్ అని అడిగాడు. ఒకామె కడుపునొప్పికి మాట చెప్పానంది. ఒకతను చెమట పట్టడానికి మాట చెప్పానన్నాడు. అతను కాపీలో చూసుకుని, సరిపోతే పక్కన కూర్చోమన్నాడు. తొమ్మిది మందివి సరిపోయాయి.

తర్వాత మాసా తాతను లేపారు. ముసలాయన. నాకు ఆ మాట చెప్పి రెండేళ్ళు దాటింది. ఏం చెప్పాడో ఆయనకు గుర్తు లేదు. కాపీలో ఆయన పేరు పక్కన "ఏ దారిన వచ్చారు" అని ఉంది. మూడుసార్లు అడిగారు. తాత వణుకుతూ నిలబడ్డాడు గానీ నోరు పెగల్లేదు. దాచిపెడుతున్నాడని అనుకున్నారు. ఒకడు లేచి తాత రెక్క పట్టుకున్నాడు.

"అప్పుడు నేను లేచిన" అంది ఉంగక్క. "ఆ మాట నాది అన్న. తాతకు చుట్ట తాగుడు తప్ప ఏం తెల్సు? మాట చెప్పింది నేను. ఆ సిస్టరు ఎదురుంగ ఎవరు కూసుంటే వాళ్ళ పేరు రాసుకుంటది, దానికి తెలివి తక్కువ అన్న."

"నమ్మారా?"

"నవ్విన్రు. ఆమె మాట్లాడుడు మేము గూడ విన్నం, తెలివి తక్కువదే అన్నడు ఒకడు. తాత రెక్క ఇడిసిన్రు."

ఆ మాట ఆమె చెప్పింది కాదు, తాతే చెప్పాడు. నాకు తెలుసు, ఆమెకు తెలుసు. ఆ వరసలో అందరికన్నా ప్రమాదమైన మాటను ఆమె తన మీద వేసుకుంది.

"ఇంక నీకు మాటలు చెప్పొద్దన్నరు. మందు కోసం తప్ప మాట్లాడొద్దన్నరు. ఉంగీ, నీ పేరు ఇంకోసారి కాగితం మీద కనబడితే అన్నడు ఆ చదివినోడు."

"కనబడితే?"

ఆమె చేతిలో ఉన్న గింజను అవతలికి విసిరింది. అప్పుడు మొదటిసారి నా మొహం చూసింది.

"అయిదు దినాలు ఎక్కడున్నవ్?"

"కోంటాలో."

"భయపడ్డవా?"

"భయపడ్డాను అక్కా."

"మేము గూడ" అంది. మళ్ళీ చింతపండు మీదికి వంగింది.

మళ్ళీ హౌ

ఆ తర్వాత రెండేళ్ళు ఆ ఊరు నాకు హౌ తప్ప ఏమీ చెప్పలేదు. నేను దోర్లీలోనే అడిగేదాన్ని. వాళ్ళు హిందీలో హౌ అనేవారు. జ్వరమా, హౌ. తగ్గిందా, హౌ. ప్రతి హౌ వెనకా ఆ రెండేళ్ళ పిల్ల కనబడేది. ఉద్యోగంలో నాకు తుపాకుల కంటే ఎక్కువ భయం పెట్టింది ఆ చిన్న మాటే.

అప్పుడు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నాను, కాగితం లేకుండా. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేటప్పుడు నా చెవిన పడినవి, రోజుకు రెండు మాటలు. ఇంటికి పోయేదాకా నడకలో వాటినే అనుకుంటూ పోయేదాన్ని. పొద్దున్నకు గుర్తుంటే నావి, లేకపోతే లేదు.

అమ్మాయీ, నీకు పనికొచ్చేది ఈ ఒక్క ముక్కే. ముందు ప్రశ్నలు నేర్చుకోకు. మనకు శిక్షణలో ఇచ్చే కాగితాల నిండా ప్రశ్నలే ఉంటాయి. ఎవరు, ఎక్కడ, ఎంతమంది, ఎప్పుడు. ఆ ఊళ్ళలో ఇవి అడిగిన మనుషులు ఎవరూ మందు తీసుకుని రాలేదు. నువ్వు ముందు ఇచ్చే మాటలు నేర్చుకో. తాగు. కూర్చో. సూది అయిపోయింది. నొప్పి తగ్గుతుంది. పిల్ల బాగుంది. ఏడాది పొడుగునా ఇవే చెప్పు. ఎప్పటి నుంచి జ్వరమో, ఇంట్లో ఇంకెవరికి ఉందో వాళ్ళే చెబుతారు, నువ్వు అడక్కుండానే. ఫోనులో రికార్డు చేసుకుంటానంటావేమో. అదీ కాపీయే. వద్దు.

ఆ నెల జ్వరం

మూడో ఏడు వానల్లో ఒక పొద్దున్న ఉంగక్క తనంతట తనే ఉపకేంద్రానికి వచ్చింది. కోడలు పట్టుకుని నడిపిస్తోంది. మూడు రోజుల జ్వరం, ఒళ్ళంతా వణుకు, కళ్ళు పచ్చబడ్డాయి. చూడగానే నాకు అనుమానం వచ్చింది. అక్కడికక్కడ పరీక్ష చేసే కిట్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు, మా దగ్గరవి అయిపోయాయి. వేలు గుచ్చి స్లైడు తీశాను. చీటీ ముందు పెట్టుకుని పెన్ను మూత తీశాను.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి కాలిపోతోంది.

"పేరొద్దు."

"పేరు లేకపోతే ల్యాబులో చూడరు అక్కా."

"చూడకపోతే చూడకపోయె."

"పెద్ద మలేరియా అయితే తలకెక్కుతుంది. చచ్చిపోతావు."

"పేరు కనబడితే గూడ అంతే" అంది. కోడలి భుజం పట్టుకుని లేచి నిలబడింది. వెళ్ళిపోతోంది. బయట వాన.

వేరే పేరేదైనా రాద్దామనుకున్నాను. ఆ ఊళ్ళో నాకు తెలిసిన ఆడవాళ్ళ పేర్లన్నీ ఒకటొకటిగా మనసులోకి వచ్చాయి. ప్రతి పేరుకూ ఒక మనిషి ఉంది. ఎవరి పేరు రాసినా ఆ మనిషి మెడ మీద పెట్టినట్టే. లేని పేరు పుట్టించి రాస్తే, ఈమె ఎవరు, ఎక్కడ దాచారు అని ఎవరైనా అడగొచ్చు. రాయడానికి నాకు హక్కున్న పేరు ఒకటే మిగిలింది. రాసేశాను.

"ఏం రాసినవ్?" అంది గుమ్మంలోంచి. ఆమెకు చదువు రాదు.

"నా పేరు."

ఆమె ఆ చీటీ వైపు చూసింది. "నీకు జ్వరం లేదు గదా."

"ఇప్పుడే వచ్చింది. కూర్చో అక్కా."

కూర్చుంది.

స్లైడు నేనే జీపులో కోంటా తీసుకెళ్ళి ల్యాబులో నిలబడి చూపించుకున్నాను. అనుకున్నంతా అయింది, పెద్ద మలేరియానే. నా పేరు మీద మందు రాయించుకుని చీకటి పడకముందే తిరిగొచ్చాను. దారిలో రెండుసార్లు బ్యాగు చూశారు. రెండుసార్లూ మందు ఎవరికని అడిగారు. నాకే అన్నాను. ఉంగక్కను మూడు రోజులు నా గదిలోనే ఉంచుకుని చేతులారా మందు మింగించాను. మూడో రోజుకు జ్వరం దిగింది, గంజి తాగింది. ఇంటికి బయలుదేరి వాకిట్లోకి వెళ్ళి, వెనక్కి తిరిగి, వాన తెరిపిచ్చింది అన్నదానికి దోర్లీలో ఒక మాట చెప్పింది. నేను అడగలేదు. రెండేళ్ళ తర్వాత నాకు ఆమె ఇచ్చిన మొదటి మాట అది.

నెలాఖరు మీటింగులో సూపర్‌వైజరు గారు రిజిస్టరు తిప్పుతూ ఆగాడు.

"ఏమమ్మా, ఈ నెల నీకే మలేరియానా? అదీ పెద్ద రకం?"

"ఔను సార్."

కళ్ళజోడు పైనుంచి నన్ను చూశాడు. "మందు మూడు రోజులూ వేసుకున్నావా?"

"వేసుకున్నాను సార్."

"ఇప్పుడెలా ఉంది?"

"బాగుంది సార్. నడుచుకుంటూ ఇంటికి వెళ్ళింది."

అనేశాక గానీ నేనేం అన్నానో నాకు తెలియలేదు. గదిలో ఇంకా ఆరుగురు నర్సులున్నారు. పేరు లేని స్లైడు కచరా అన్న మనిషి, తప్పు పేరున్న స్లైడును ఏమంటాడో నాకు తెలుసు. ఆయన ఆ గడి మీంచి వేలు తీశాడు. తర్వాత పేజీ తిప్పాడు.

"సరే" అన్నాడు. "నెక్స్ట్."

రిజిస్టరులో దొంగ పేరు రాయడం తప్పు. నువ్వూ అలా చెయ్యి అని నేను చెప్పను, చెయ్యొద్దని చెప్పడానికి నోరు రావడం లేదు. నీకు మాటలు కావాలంటే మళ్ళీ మా ఇంటికి రా. పొద్దున్నే రా, చింతపండు గింజలు తీస్తూ కూర్చుందాం. పెన్ను, ఫోను ఇంట్లో పెట్టి రా.

ఇంకొక్క సంగతి. ఇందులో ఉంగి అని రాసిన పేరు ఆమెది కాదు. మాసా అన్నది ఆ తాత పేరు కాదు. ఇద్దరూ ఇప్పుడు లేరు. ఆ కాపీ ఏ వానలోనో నానిపోయి ఉంటుంది, చదివినతను ఉన్నాడో లేడో కూడా తెలియదు. భయపడాల్సిందేమీ లేదని నాకు నేనే చెప్పుకుని, ఆమె అసలు పేరు రాద్దామని ఈ కాగితం మొదలుపెట్టాను. మూడుసార్లు పెన్ను ఆ చోటుకు తెచ్చాను. మూడుసార్లూ నా మణికట్టు మీద ఆ వేడి చెయ్యి తగిలింది.